ఏడో బ్యాచ్

రామకృష్ణ సార్ ఫ్లాస్కు అడుగున మిగిలిన నీళ్ళలో పీహెచ్ పేపరు ముంచి, అందరికీ కనపడేట్టు పైకెత్తి పట్టుకున్నాడు. పసుపుపచ్చగా ఉన్న పేపరు చూస్తుండగానే ఆకుపచ్చగా మారి, నీలం వైపు మొగ్గింది.

"చూసినారా? సబ్బు! ఇది సబ్బు కాకపోతే ఇంగేంది?"

సోమవారం పొద్దున ఎనిమిది గంటలు, షిఫ్టు మారే వేళ. దిగేవాళ్ళూ ఎక్కేవాళ్ళూ కలిసి ఇరవై మంది ఫ్యాక్టరీ వెనక కడిగే తొట్టి దగ్గర నిలబడి ఉన్నారు. వాళ్ళంతట వాళ్ళు రాలేదు, సారే కబురు పెట్టి పిలిపించాడు. కడప నుంచి రాయచోటి పోయే రోడ్డు పక్కన ఉన్న ఆ ఫ్యాక్టరీలో కోళ్ళ దాణాలో కలిపే ఎంజైమ్ తయారవుతుంది. నాలుగు బ్యాచ్‌ల వరకు దానికేం లోటు రాలేదు. ఐదో బ్యాచ్‌లో నూరు రావలసిన చోట అరవై వచ్చింది. ఆరో బ్యాచ్ ఇరవై దగ్గర ఆగిపోయింది. ఎందుకని హైదరాబాదు హెడ్డాఫీసు అడిగింది. మేనేజరన్నాక ఏదో ఒక జవాబు చెప్పాలి కదా. ఆ జవాబు మోకాళ్ళ దాకా తడిసిన చీరతో తొట్టి పక్కనే నిలబడి ఉంది. పేరు గిడ్డమ్మ. వయసు యాభై దాటింది. గాజు సామాను కడగడం ఆమె పని.

"అది సగం కడిగిన ఫ్లాస్కు సార్," అంది గిడ్డమ్మ. "కొళాయి నీళ్ళతోనే అయింది. ఇంగా మెషీను నీళ్ళతో కడగలా. ఏడు తూర్లు కడుగుతా సార్ నేను, ఒక్కోదాన్ని."

"కథలు చెప్పొద్దు. పేపరు అబద్ధం చెప్తాదా?"

పేపరు అబద్ధం చెప్పదు. చెప్పించడం మాత్రం తెలిసినవాడికి చేతనవుతుంది. కడప బోరునీళ్ళకు ఆ రంగు రావడానికి సబ్బుతో పనేముంది? ఉత్త కొళాయి నీళ్ళలో ముంచినా ఆ పేపరు అలాగే నీలం తిరుగుతుంది. ఈ సంగతి గుంపులో ఒక మనిషికి బాగా తెలుసు. ఆమె ల్యాబు పని చూసే ఫిరోజా. తెల్లకోటు జేబులో చెయ్యి పెట్టుకుని, రెండో వరుసలో, ప్యాకింగు ఆడవాళ్ళ వెనక నిలబడింది. ఆమె జేబులోనే ఇంకో పీహెచ్ పేపర్ల పుస్తకం ఉంది. దాన్ని వేళ్ళతో నలుపుతోంది.

గిడ్డమ్మ కళ్ళు ఆమెను వెతికి పట్టుకున్నాయి.

"ఫిరోజమ్మా, నువ్వు చెప్పు. దినామూ నేను కడిగిన ఫ్లాస్కుల్లోనే గదా నువ్వు పని చేసేది. యాపొద్దన్నా సబ్బు నురగ చూసినావా?"

ఇరవై తలలు ఒక్కసారి వెనక్కి తిరిగాయి. రామకృష్ణ సార్ కూడా తిరిగాడు.

"నాకేం తెలుసు గిడ్డక్కా," అంది ఫిరోజా. "నేను లోపల పని చేసుకుంటాంటా."

ఆ పూట నుంచే పనికి రావద్దని సార్ గిడ్డమ్మకు చెప్పాడు. ఆమె వెంటనే కదల్లేదు. సార్ చేతిలోని ఫ్లాస్కును తీసుకుని, మెషీనులో శుద్ధి చేసిన నీళ్ళ డబ్బా వంచి, నోటికి అరచెయ్యి అడ్డం పెట్టి కుదిపి పారబోసింది. మళ్ళీ పోసి, మళ్ళీ కుదిపింది. దాన్ని తీసుకుపోయి అరలో బోర్లించింది. తర్వాత చీర కుచ్చిళ్ళు పిండుకుని, అన్నం టిఫిను తీసుకుని, ఎవరి మొహమూ చూడకుండా గేటు వైపు నడిచింది. పనిలోకి దిగి గంట కూడా కాలేదు కాబట్టి ఆ టిఫిను మూతైనా తీయలేదు.

ఫిరోజా లోపలికి వచ్చి సీడ్ రూము తలుపు వేసుకుంది. ఏసీ గది. చేతులు స్పిరిట్‌తో తుడుచుకుని, అల్మరా లాంటి చిన్న ఫ్రిజ్ తెరిచింది. అడుగు అరలో, వెనక్కి నెట్టి పెట్టిన లీటరు సీసా ఉంది. లోపల పాలవిరుగుడు రంగులో చిక్కటి ద్రవం. మీద పేరూ తారీఖూ ఏమీ లేవు. రాయడానికి ఆమెకు ధైర్యం చాలలేదు.

ఎంజైమ్ చేసేది కంటికి కనపడని బ్యాక్టీరియా. ఆ గుణం దానికి పుట్టుకతో వచ్చింది కాదు. హెడ్డాఫీసు ల్యాబులో దాని లోపలికి కొత్త జన్యువును ఎక్కించారు. అలా తయారైనదాన్ని వేలెడంత గాజుగొట్టాల్లో పోసి, సున్నాకు ఎనభై డిగ్రీల కింద, డీప్ ఫ్రీజర్లో దాచారు. ప్రతి బ్యాచ్‌కూ ఒక కొత్త గొట్టం తీయాలి. దాన్ని యాంటీబయాటిక్ మందు కలిపిన ఫ్లాస్కులో పెంచాలి. ఆ జన్యువు ఉన్న బ్యాక్టీరియా మాత్రమే ఆ మందుకు తట్టుకుని బతుకుతుంది. అలా బాగా పెరిగినదే సీడ్, దాన్ని పెద్ద ట్యాంకులోకి వదలాలి. ట్యాంకు సరుకు కోళ్ళ నోట్లోకి పోయేది కాబట్టి ట్యాంకులో మందు వేయరు. పద్ధతి అంతా గోడమీద లామినేషన్ చేసి వేలాడదీసి ఉంది.

మే నెల రెండో వారంలో గాలివానకు స్తంభాలు కూలి రెండు రోజులు కరెంటు లేదు. జనరేటరు ట్యాంకుకే సరిపోయింది. ఆ శని, ఆదివారాలు ఫిరోజా నందికొట్కూరులో, పుట్టింటి వాళ్ళ పెళ్ళిలో ఉంది. పోయేముందు, మళ్ళీ ఎవరు రాస్తారులే అని, ఫ్రీజరు రిజిస్టర్లో ఆ రెండు రోజులకూ మైనస్ ఎనభై అని తన చేత్తోనే రాసేసి పోయింది. సోమవారం వచ్చి చూస్తే గొట్టాలన్నీ కరిగి, మళ్ళీ గడ్డకట్టి, ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. మూడు గొట్టాలు తీసి పెంచి చూసింది. మూడూ చచ్చిపోయాయి. రిజిస్టర్లో మాత్రం ఆమె గుండ్రటి చేతిరాత మైనస్ ఎనభై అంటూ వెక్కిరిస్తోంది.

అప్పుడామె చేసిన పని, పెరుగు అమ్మే ఇంట్లో పుట్టిన మనిషి చేసే పని. వాళ్ళమ్మ నందికొట్కూరు హోటళ్ళకు ఇరవై ఏళ్ళు పెరుగు పోసింది. ఒక్క రోజు కూడా బయట తోడు అడిగింది లేదు. నిన్నటి కుండలో గరిటెడు తీసి పక్కన పెట్టుకుంటే రేపటి కుండకు సరిపోతుంది. ఫిరోజా కూడా నడుస్తున్న ట్యాంకు నుంచి సీసాడు తీసి ఫ్రిజ్‌లో పెట్టింది. దాన్నే తర్వాతి బ్యాచ్‌కు వేసింది. మందు ఫ్లాస్కుతో పనే పడలేదు. రెండు రోజుల పని కలిసొచ్చింది. పైగా బ్యాక్టీరియా ఇంతకు ముందు కంటే జోరుగా పెరిగింది. ఆ అంకెలు చూసి రామకృష్ణ సార్ మురిసిపోయి, ఆమెను పర్మనెంట్ చేయమని హెడ్డాఫీసుకు ఉత్తరం కూడా రాశాడు.

ఇప్పుడు తలుపు తట్టి లోపలికి వచ్చింది కూడా ఆయనే.

"ఏడో బ్యాచ్‌కి సీడ్ ఎప్పుడిస్తావమ్మా? ఈ తూరి ఫ్లాస్కులన్నీ నేనే దగ్గరుండి కడిగిస్తా. ఎల్లుండి హెడ్డాఫీసు ల్యాబు నుంచి లక్ష్మీప్రియ మేడం వస్తాండాది. ఆమె వచ్చేలోగా ట్యాంకు నడస్తా ఉండాల."

"షేకరు సరిగా తిరగడంల్యా సార్. రేపు చూస్తా."

ఫ్లాస్కులను కుదిపే ఆ షేకరు ఆమె వెనకే గిర్రున తిరుగుతోంది. సార్ దాని వంక చూడలేదు.

ఆయన పోయాక ఫిరోజా సీసా బయటికి తీసింది. చేయాలని నిశ్చయించుకుని చేయలేదు, ఊరికే కూర్చుంటే పిచ్చెక్కేట్టు ఉందని చేసింది. ఒక్క చుక్క తీసుకుని, పదింతలూ, మళ్ళీ పదింతలూ నీళ్ళు కలుపుతూ ఆరుసార్లు పలుచన చేసింది. బ్యాక్టీరియాను మొలిపించే ప్లేట్లు రెండు తీసింది. ఒకటి మామూలుది. రెండోదాంట్లో మందు కలిసి ఉంది. దీపం మంట పక్కన, రెండింటిమీదా కొలిచినట్టు సమానంగా పరిచింది. వేడి పెట్టెలో పెట్టి తలుపు మూసింది. తర్వాత కొళాయి తిప్పి, దోసిట్లోకి నీళ్ళు పట్టి, జేబులోని పేపర్లలో ఒకటి చించి ముంచింది. ఆకుపచ్చ. కాసేపటికి నీలం. దాన్ని ఆరబెట్టి కోటు జేబులో పెట్టుకుంది.

మంగళవారం పొద్దున కోటు తొడుక్కోకుండానే వేడి పెట్టె తెరిచింది.

మామూలు ప్లేటు మీద ఆవగింజంత తెల్లటి చుక్కలు, సందు లేకుండా. ఒక్కో చుక్క ఒక్కో బ్యాక్టీరియా సంతానం. పెన్నుతో గుర్తు పెట్టుకుంటూ లెక్కపెట్టింది. మూడువందల నాలుగు. మందు ప్లేటు ఎత్తి వెలుతురుకు పట్టుకుంది. మొదట ఏమీ లేదనుకుంది. తర్వాత ఒకటి కనపడింది. ఇంకొకటి. మొత్తం పంతొమ్మిది.

కూర్చోవడానికి స్టూలు కోసం చెయ్యి చాపి తడుముకుంది. సీసాలో ఉన్నవాటిలో నూటికి ఆరు మాత్రమే ఎంజైమ్ చేసేవి. మిగతావన్నీ ఆ జన్యువును ఎక్కడో దారిలో పడేసి, తిని, పెరిగి, పిల్లల్ని పెట్టుకున్నవి. పని చేయనివే జోరుగా పెరుగుతాయి మరి. ఆ జోరును చూసే ఇన్నాళ్ళూ తనను అందరూ మెచ్చుకున్నారు. సార్ మెచ్చుకున్నాడు. తను ఇంట్లో పాయసం కూడా వండింది.

ఆ రోజంతా ఆమె భయపడుతూనే పని చేసింది. ఎవరు తలుపు తీసినా ఉలిక్కిపడింది. సీడ్ అడిగితే షేకరు అంది. షేకరు బాగయింది కదా అంటే మందు అయిపోయింది అంది. అబద్ధాలు ఆడటం ఆమెకు పెద్దగా అలవాటు లేదు కానీ, ఆ రెండు రోజుల్లో నోటికి బాగానే తిరిగాయి. కడిగే తొట్టి దగ్గర ఎవరో కొత్తామె చేతికి ఉంగరాలు తీయకుండానే ఫ్లాస్కులు తోముతోంది. గాజు మీద ఉంగరం గీరుకునే చప్పుడు గోడ అవతలి నుంచి కూడా వినపడింది.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి మొగుడు రబ్బానీ అప్పుడే పని నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాడు. రాళ్ళు కోసే యూనిట్లో పని. కడప రాయి దుమ్ము కనుబొమ్మల్లోకి కూడా పట్టి ఉంటుంది. ఎండ ఇంకా గోడ దిగలేదు. టీ ఇచ్చి, ఎదురుగా కూర్చుని, ఫిరోజా మొత్తం చెప్పేసింది. రిజిస్టరు సంగతితో సహా. అతను గ్లాసు కింద పెట్టకుండా విన్నాడు.

"ఆ ప్లేట్లు యాడుండాయి?"

"ఫ్రిజ్‌లో పెట్టినా."

"రేపు పోతానే పారెయ్యి. ఆ సీసా గూడా. ఫ్రీజరు కరాబయిందని ఇప్పుడే చూసినట్టు చెప్పు. అయిపోతాది."

"గిడ్డక్క?"

రబ్బానీ గ్లాసు కింద పెట్టాడు. చెడ్డవాడేం కాదు. ఎదురింటి వాళ్ళకు జ్వరమొస్తే ఆసుపత్రికి మోసుకుపోయే మనిషే.

"ఆమె పని పోయింది. పాపమే. ఇప్పుడు నువ్వు నోరు తెరిస్తే నీది గూడా పోతాది. నీ పని పోతే ఆమె పని ఎనక్కొస్తాదా ఫిరోజా? ఇద్దురూ ఇంట్లో కూర్చుంటారు, అంతే గదా."

అతను చెప్పిన లెక్కలో తప్పెక్కడా కనపడలేదు. కనపడనందుకు ఏడుపొచ్చింది.

బుధవారం పదకొండు గంటలకు లక్ష్మీప్రియ మేడం వచ్చింది. ముప్పై ఐదేళ్ళుంటాయి. వీపున సంచీ, మొహాన ప్రయాణపు అలసట. సాయంత్రం రైలుకే మళ్ళీ పోవాలట. రామకృష్ణ సార్ ఆమెను తన గదిలో కూర్చోబెట్టి, నీలం తిరిగిన పేపరును ప్లాస్టిక్ కవర్లో పెట్టి మరీ చూపించాడు. గ్రాఫులు తీసుకురమ్మంటే ఫిరోజా ఫైలుతో లోపలికి వెళ్ళి నిలబడింది. కోటు ఒక జేబులో పేపరు. చేతిలో ఫైలు కింద, రేకు పెట్టెలో, రెండు ప్లేట్లు. పారేయాలని పొద్దున రెండుసార్లు చెత్తబుట్ట దాకా తీసుకుపోయింది. ఎందుకు పారేయలేదో ఆమెకే తెలియదు.

"కడిగే ఆమెతో ఒకసారి మాట్లాడతాను," అంది మేడం.

"తీసేసినాం మేడం. మన సరుకు కొనే దాణా పార్టీకి కూడా ఫోన్ చేసి చెప్పినా. ఇంగ ఆ సమస్య రాదు."

"అలాగా." మేడం గడియారం చూసుకుంది. కంప్యూటరు తెరిచి టైపు చేయడం మొదలుపెట్టింది. "అయితే కారణం, గాజు సామాను శుభ్రతలో లోపం. చర్య, సిబ్బంది మార్పు. సరేనా?"

గిడ్డమ్మ అంటే ఆమెకు రెండు మాటలే. సిబ్బంది మార్పు. ఫిరోజాకు ఎక్కడి నుంచి వచ్చిందో గాని ఒళ్ళు మండింది. భయం అలాగే ఉంది. దాని పక్కనే కోపం కూడా వచ్చి నిలబడింది.

"సబ్బు కాదు మేడం."

రేకు పెట్టె బల్లమీద పెట్టి మూత తీసింది. ప్లేట్లు పక్కపక్కన పెట్టింది. జేబులో పేపరు తీసి, ఇది ఉత్త కొళాయి నీళ్ళది అని చెప్పింది. ఆపైన ఇక ఆగలేదు. పెళ్ళి, రిజిస్టరు, గొట్టాలు, సీసా. చెబుతున్నంతసేపూ మేడం మొహం వైపే చూసింది, సార్ వైపు చూస్తే మాట పడిపోతుందని.

మేడం రెండు ప్లేట్లనూ కిటికీ వెలుతురుకు ఎత్తి చూసింది. చాలాసేపు చూసింది.

"పెరుగుకు తోడు వేసినట్టు వేశావన్నమాట. పెరుగు చేసేది తన తిండి కోసం తన పని తాను చేసుకుంటుందమ్మా. ఎన్నిసార్లు తోడు వేసినా చేస్తుంది. దీని నెత్తిన మనం పరాయి మూట పెట్టాం. మందు భయం ఉన్నంతసేపే మోస్తుంది. నువ్వు ఆ భయం తీసేశావు. అది మూట దించేసింది." ప్లేట్లు కింద పెట్టి, అప్పుడు అసలు మాట అంది. "గొట్టాలు పాడయ్యాయని ఆ రోజే ఒక్క ఫోన్ చేసి ఉంటే సరిపోయేది. నా దగ్గర ఇంకో రెండు పెట్టెలున్నాయి. ఐసులో పెట్టి పంపిస్తే రెండు రోజుల పని."

రెండు రోజులు! ఫిరోజా నెలన్నర నుంచి కడుపులో పెట్టుకుని కుమిలిన కష్టం రెండు రోజుల పని.

మేడం రాసింది కొట్టేసి మళ్ళీ రాసుకుంది. రిజిస్టరు విషయంలో ఫిరోజాకు గట్టిగా నాలుగు అక్షింతలు వేసింది. పర్మనెంట్ సంగతి ఇప్పట్లో మాట్లాడవద్దంది. పనిలోంచి తీసేయమని మాత్రం అనలేదు. రైలుకు బయల్దేరుతూ, ఆ కడిగే ఆమెను వెనక్కి పిలిపించండి అని సార్‌కు చెప్పింది. సార్ తల ఊపాడు.

కారు గేటు దాటిందో లేదో సార్ ఫిరోజా వైపు తిరిగాడు. కోపంతో మొహం నల్లబడి ఉంది.

"గిడ్డమ్మను పిల్చుకోని రా. పని ఇస్తా. కానీ యాలకు పిలుస్తాండామో ఎవురికీ చెప్పే పనిల్యా. పార్టీకి నేను సబ్బని చెప్పినా. ఇరవై మందికి తెలిస్తే పార్టీకి తెలుస్తాది. అప్పుడు నా మొహం యాడ పెట్టుకోవాల? ఒక్క మాట బయటికి పొక్కిందా, మేడం గీడం జాన్తా నై, ఆ పొద్దే నీకు ఆఖరు."

"చెప్పను సార్," అంది ఫిరోజా. నిజంగానే అనుకుని అంది. గండం గడిచింది, తన పని తనకుంది, గిడ్డక్క పని గిడ్డక్కకొస్తుంది. ఇంకేం కావాలి? ఆ సాయంత్రం మూడు రోజుల తర్వాత కడుపునిండా అన్నం తింది. రబ్బానీ కూడా తన లెక్క తప్పినందుకు సంతోషపడ్డాడు.

గురువారం షిఫ్టు దిగి, గువ్వలచెరువు వైపు పోయే బస్సెక్కింది. గిడ్డమ్మ పల్లె కొండ ఎక్కే ఘాటు రోడ్డుకు ఇవతలే, రోడ్డు మీదికే ఉంది. వానలు పడితే విత్తనాలు వేసే కాలం. గిడ్డమ్మ ఎవరో రైతువి వేరుశనక్కాయలు ముందరేసుకుని, వసారాలో కూర్చుని విత్తనాలకు ఒలుస్తోంది. కాయను బొటనవేలుతో నొక్కితే పుటుక్కున విచ్చుకుంటోంది. గింజ పొర చిట్లకూడదు, చిట్లితే మొలవదు. నాలుగేళ్ళుగా సబ్బునీళ్ళలో నానిన వేళ్ళు అవి. కొసలు ఎర్రగా పగిలాయి.

ఫిరోజాను చూసి లేవలేదు. రమ్మనలేదు, పొమ్మనలేదు. ఫిరోజా తనే ఎదురుగా కూర్చుని, ఒక గుప్పెడు కాయలు తీసుకుని ఒలవడం మొదలుపెట్టింది. ఒలుస్తూనే చెప్పింది. తప్పు తనది. మేడంకు అంతా చెప్పేసింది. సార్ రమ్మన్నాడు. రేపటి నుంచే రావచ్చు.

"యాడ చెప్పినావు?" అంది గిడ్డమ్మ.

"సార్ రూములో. మేడం ముందర."

"తలుపేసుకోనా?"

ఫిరోజా వేళ్ళు ఆగిపోయాయి.

"నన్ను పొమ్మన్నప్పుడు తలుపెయ్యలేదే ఫిరోజమ్మా. పిలిపిచ్చి మరీ ఇరవై మందిని నిలబెట్టినాడు. ఆ ప్యాకింగు ఆడోళ్ళు ఈ బస్సులోనే గదా వచ్చేది. నేను ఇల్లు చేరక ముందే పల్లెకంతా తెలిసె. గిడ్డమ్మ సబ్బు సరిగ్గా కడగలేక ఫ్యాక్టరీ ముంచిందంట అని. ఇప్పుడు నేను గమ్మున వచ్చి కడుక్కుంటే ఏమనుకుంటారు? కాళ్ళు పట్టుకోనింటాది, సార్ దయదల్చినాడు అనుకుంటారు."

"అందరి ముందర చెప్పినానంటే నా పని పోతాదక్కా. సార్ అట్లనే అన్న్యాడు."

"నాది పోలేదా?"

గొంతు పెంచలేదు. కాయ నొక్కుతూనే అడిగింది.

"నువ్వు తప్పు చేసినావని నాకు కోపంల్యా. ఎవురు చెయ్యరు? నాకేం తెలుసు గిడ్డక్కా అన్న్యావే, అది తెల్లారి లేసినప్పుడల్లా ఇనపడ్తా ఉండాది. నీకు తెలుసు. నీకు ఒక్కదానికే తెలుసు." గింజలు చేటలో పోసి, పొట్టు దులుపుకుని లేచింది. "రేపు ఎనిమిది గంటల బస్సుకు వస్తా. గేటు కాడ నిలబడ్తా. చెప్తే లోపలికొస్తా. చెప్పకపోతే అట్లనే ఎనక్కి తిరిగొచ్చి ఈ కాయలు ఒలుచుకుంటా. నీ ఇష్టం."

తిరుగు బస్సులో ఫిరోజాకు కూర్చోవడానికి చోటు దొరికినా కూర్చోలేదు. నిన్న తను చెప్పింది చాలా పెద్ద సంగతి అనుకుంది. ధైర్యం చేశాననుకుంది. ఇప్పుడు చూస్తే ఆ ధైర్యానికి ఆమె చెల్లించిందేమీ లేదు. పని ఉంది. జీతం ఉంది. పేరు కూడా ఉంది. అన్నీ ఉంచుకుని చెప్పిన నిజం. గిడ్డక్క సూటిగా ఆ మాట అనలేదు గాని, అనాల్సింది అదే. ఇంట్లో రబ్బానీకి ఏమీ చెప్పలేదు. చెబితే మళ్ళీ లెక్క చెబుతాడు, ఆ లెక్క మళ్ళీ సరిగ్గానే ఉంటుంది.

శుక్రవారం పొద్దున ఏడున్నరకే ఫ్యాక్టరీకి చేరింది. హైదరాబాదు నుంచి కొత్త గొట్టాలు ఐసుపెట్టెలో వచ్చి ఉన్నాయి. ఏడో బ్యాచ్‌కి అవే. పెట్టెను సీడ్ రూములో పెట్టి, గొట్టాలు లెక్కచూసి ఫ్రీజర్లో సర్దింది. ఇరవై నాలుగు. రిజిస్టర్లో ఆ పూట ఎంతుందో చూసి అంతే రాసింది. ఎనిమిదికి ఐదు నిమిషాలుండగా కోటు విప్పి కొక్కేనికి తగిలించి, గేటు దగ్గరికి నడిచింది. కోటు ఎందుకు విప్పిందో, మళ్ళీ తొడుక్కోనిస్తారో లేదో అనే అనుమానం కావచ్చు.

బస్సు వచ్చి ఆగింది. ప్యాకింగు ఆడవాళ్ళు దిగారు. చివర గిడ్డమ్మ దిగింది. ఉతికిన చీర కట్టుకుంది. టిఫిను తెచ్చుకోలేదు. అది చూశాక ఫిరోజాకు అర్థమయింది, తను చెబుతుందని గిడ్డక్క నమ్మలేదు.

రాత్రి షిఫ్టు వాళ్ళు ఇటునుంచి వస్తున్నారు. పగటి షిఫ్టు వాళ్ళు అటునుంచి. గిడ్డమ్మను చూసి అందరూ నడక తగ్గించారు. ఆమె గేటు బయటే, గీత గీసినట్టు ఆగిపోయింది.

"ఒక నిమిషం ఆగండి," అంది ఫిరోజా.

కొందరు ఆగారు. కొందరు నడిచారు.

"ఆగండి ఒక నిమిషం! నేనొక మాట చెప్పాల." నడిచేవాళ్ళకు అడ్డం వెళ్ళి నిలబడింది. "సోమవారం గిడ్డక్క కడిగిన ఫ్లాస్కులో సబ్బు లేదు. ఆ రంగు మన బోరునీళ్ళది. అది నాకు ఆ పొద్దే తెలుసు. తెలిసీ చెప్పలా. బ్యాచ్‌లు చెడింది నా వల్ల. సీడ్ నేను చెడగొట్టినా. గిడ్డక్క తప్పేం ల్యా."

రోడ్డు మీద లారీ ఒకటి పోయింది. వాచ్‌మన్ లక్ష్మన్న చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, ఏమంటాండాది అని పక్కనామెను అడిగాడు. అతనికి కాస్త చెవుడు.

"లక్ష్మన్నకు ఇనపళ్ళా," అంది గిడ్డమ్మ. "ఇంగోసారి చెప్పు."

ఫిరోజా ఆమె మొహంలోకి చూసింది. అందులో పగ లేదు, జాలి కూడా లేదు. వినడానికి వచ్చిన మనిషి మొహం అది. ఫిరోజా మళ్ళీ చెప్పింది. ఈసారి గొంతు ఫ్యాక్టరీ మెట్ల దాకా పోయింది.

మేనేజరు గది తలుపు తెరుచుకుంది. రామకృష్ణ సార్ ఫోను చేత్తో పట్టుకుని మెట్ల మీదికి వచ్చాడు. ఎంతవరకు విన్నాడో గాని, వినాల్సింది విన్నట్టే ఉన్నాడు.

"ఫిరోజా, నా రూముకు రా."

ఫిరోజా కాళ్ళు కదిలాయి. రెండడుగులు వేసింది. మూడో అడుగు వేయకముందే పక్కన చీర గరగరలాడింది. గిడ్డమ్మ గేటు దాటి లోపలికి వచ్చి, ఆమె ముందుకు నడిచి, మెట్ల కింద ఆగింది.

"రూములో యాలకు సార్? ఏం చెప్పినా ఈడనే చెప్పండి. నన్ను పొమ్మన్నది గూడా అందరి ముందరనే గదా."

సార్ నోరు తెరిచాడు. గుంపు వైపు చూశాడు. షిఫ్టు గంట మోగింది. దిగేవాళ్ళు దిగిపోలేదు, ఎక్కేవాళ్ళు లోపలికి పోలేదు. ఇరవై మందీ అక్కడే నిలబడి ఆయన ఏం చెబుతాడా అని చూస్తున్నారు.